బావ కోసం దించిన శ్రుతి

"పాటలు సరేనండీ, ఈసారి చుట్టం ఎవరు?" అన్నాడు రికార్డు కంపెనీ ఆయన.

పంపిన పాటలు ఆయన విన్నాడో, విన్నట్టు తల ఊపాడో ఆ దేవుడికే తెలియాలి. అద్దాల గదిలో తిరిగే కుర్చీలో కూచుని, పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. ఎదురుగా కూచున్న బావమరిదికి ఆ టిక్కు టిక్కు తన నెత్తిమీద పడుతున్నట్టే ఉంది.

‘తుప్పు’ అనే ఆ రాక్ బ్యాండులో నలుగురే మనుషులు. ముందు నిలబడి పాడేది బావ. డ్రమ్ముల వెనక కూచునే భారీకాయం ఉరుము. గిటారు పట్టుకుంటే ఏది గిటారో ఏది మనిషో తెలియనంత బక్కవాడు తీగ. బేస్ గిటారు వాయిస్తూ, రికార్డింగు గొడవంతా మోసేవాడు బావమరిది. బావ పెళ్ళాడింది ఇతని అక్కని. ఆ చుట్టరికమే లోకానికంతా చుట్టరికమై కూచుంది. ఆఖరికి పోస్టర్లు అంటించేవాడు కూడా "బావమరిదిగారూ, జిగురు అయిపోయింది" అనేవాడు.

ఇక చుట్టాలంటే వాళ్ళ భాషలో వేరు. పక్క సంగీతంలోంచి వచ్చి వీళ్ళతో ఒక పాట వాయించి పోయే అతిథిని చుట్టం అనేవాళ్ళు. మొదటి చుట్టం ఒక శాస్త్రీయ గాయని. ఫర్నిచర్ షాపు కింద నేలమాళిగలో, గోడలకి పాత పరుపులు కొట్టిన వీళ్ళ గదిలోకి దిగొచ్చి, "నేను నిలబడి పాడను, కుర్చీలో పాడను, నా శ్రుతి మారదు" అని చాప పరిపించుకుని కూచుంది. తీగకి ఒళ్ళు మండింది. బావ మాత్రం నవ్వి, "మారక్కర్లేదమ్మా, మేమే మారతాం" అని గిటార్ల తీగలన్నీ ఆవిడ శ్రుతికి బిగింపించాడు. ఆ రోజే రూలు పెట్టేశాడు. "చుట్టం మన గుమ్మం దిగాక చుట్టం శ్రుతే మన శ్రుతి. మన శ్రుతికి రమ్మని ఎవర్నీ అడగం. అది నామోషీ."

అప్పట్లో బావ గొంతు ఎక్కమంటే మేడెక్కేది, దిగమంటే నుయ్యి దిగేది. కండ ఉన్నవాడు ఎన్ని పందేలైనా కాస్తాడు.

ఆ పాట జనం నోట్లో పడింది. తర్వాత మిలిటరీ బ్యాండు నుంచి రిటైరైన ట్రంపెట్ ఆయన వచ్చాడు. వీధి మూలల్లో గుక్కతిప్పుకోకుండా మాటలు దంచే ర్యాప్ కుర్రది వచ్చింది. ఒక్కో చుట్టం ఒక్కో మెట్టు ఎక్కించిన మాట నిజమే. కానీ రాను రాను జనం చుట్టాన్ని చూడ్డానికే రావడం మొదలెట్టారు. బావ ఒక్కడే పాడే పాట వచ్చేసరికి హాల్లో సగంమంది లేచి బాత్రూముకి పోయేవాళ్ళు. "మన పాట మంచిదేరా, మూత్రవిసర్జన బాగా జరుగుతోంది" అనేవాడు ఉరుము. నవ్వేవాళ్ళు. నవ్వక ఏం చేస్తారు!

ఈలోగా బావ గొంతు దిగుతూ వచ్చింది. ఒకేసారి కాదు, నేల కుంగినట్టు కుంగింది. బావమరిది తీగలు కాస్త వదులు చేయించాడు. మరో ఏడు గడిచాక ఇంకాస్త. బయటివాళ్ళకి "బరువైన మోత కోసం" అని చెప్పుకున్నారు. ఇప్పుడు బ్యాండు మొత్తం పాతరోజుల కంటే హార్మోనియం మీద రెండు మెట్లు కింద వాయిస్తోంది. ఆ సంగతి నలుగురికీ తెలుసు, నలుగురూ మాట్లాడరు. ఇంట్లో పెద్దాయనకి చెవుడొస్తే అందరూ గట్టిగా మాట్లాడతారు తప్ప చెవుడన్న మాట ఎత్తరు కదా, అలాగ.

మిగతా ముగ్గురికీ తెలియంది ఇంకొకటి ఉంది. చుట్టాలని ఎంచేది బావమరిది. ఏ శ్రుతిలోనైనా వాయించగలవాళ్ళని, అసలు శ్రుతితో పని లేనివాళ్ళని ఏరి ఏరి తెచ్చేవాడు. ట్రంపెట్ ఆయన ఏ మెట్టు చెప్పినా ఊదుతాడు. ర్యాప్ పిల్లకి మెట్లతో పనే లేదు. రూలు రూలుగానే ఉండేది, బావ గొంతు బావ గొంతుగానే ఉండేది. బావమరిది ఆ రెంటి మధ్య తలుపుసందులో వేలు పెట్టినవాడిలా నిలబడి, నొప్పి కనపడకుండా నవ్వుతుండేవాడు.

"ఈసారి చుట్టాన్ని మేమే చూశాం లెండి" అన్నాడు కంపెనీ ఆయన. "తిత్తిబూర వాయిస్తుందే, ఆ పెద్దావిడ. ఆవిడ వీడియో చూడని మనిషి లేడు. ఆవిడ వస్తే రికార్డు వేస్తాం. రాకపోతే..." పెన్ను మూత టిక్కున పెట్టేశాడు.

తిత్తిబూరంటే చంకలో తోలుతిత్తి, దానికి గుచ్చిన కర్రబూరలు. ఒక బూర మీద వేళ్ళాడతాయి. రెండోది ఆపకుండా ఒకటే స్వరం పట్టుకుని రొద పెడుతుంది. అది ఎక్కడుంటే అక్కడే. ఎక్కదు, దిగదు.

*

బూరమ్మగారు బట్టలుతికే షాపు పైన, మూడో అంతస్తులో ఉండేది. బావమరిది వెళ్ళేసరికి తిత్తిని ఒళ్ళో పడుకోబెట్టుకుని కుట్లకి మైనం రాస్తోంది. చూసినవాళ్ళు మేకపిల్లకి మందు రాస్తోందనుకుంటారు.

ఆవిడ ఊదింది. కింద నుంచి వచ్చే మిషన్ల చప్పుడు, వీధిలో హారన్లు అన్నీ ఆ రొద కిందికి పోయాయి. బావమరిది మనసులోనే మెట్లు లెక్కపెట్టుకున్నాడు. పాత రోజుల్లో బావ పాడిన శ్రుతి. సరిగ్గా అదే.

"అమ్మా, ఒకమాట. దీన్ని కొంచెం... కిందికి దించడం కుదురుతుందా?"

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "నిన్ను కొంచెం పొడుగు చెయ్యడం కుదురుతుందా నాయనా?"

"లేదు, ఇంకో బూర ఏదైనా..."

"మా నాన్న చెక్కింది ఇదొక్కటే. రెండోది చెక్కేలోపు పోయాడు." తిత్తిలో మిగిలిన గాలి చిన్నగా మూలిగింది. "చూడబ్బాయ్, నేను ఎవరు పిలిచినా పోను. ఇదివరకొక పెద్దమనిషి పిలిచి, మర్యాదలు చేసి, నేనిలా ఇంటికి రాగానే కంప్యూటర్లో నా బూరని రొట్టెపిండి పిసికినట్టు పిసికాడు. పాట బయటికొస్తే నా బూరని నేను గుర్తుపట్టలేదు. మీ బావగారి సంగతి విని ఒప్పుకున్నాను. వచ్చినవాళ్ళ శ్రుతికి ఆయనే వస్తాడటగా?"

"వస్తాడమ్మా" అన్నాడు బావమరిది.

మెట్లు దిగుతూ ఆలోచించాడు. నిజం చెబితే బావ ఏమంటాడో తెలుసు. ‘ఆవిడ శ్రుతికే పాడదాం’ అంటాడు. పాడలేడు. నలుగురి ముందు పాడలేడు. ఆవిడని కాదంటే రికార్డు లేదు. రికార్డు లేకపోతే బావ పొద్దున లేచి ఏం చేస్తాడు? ఆవిరి పట్టుకోవడం, ఉప్పునీళ్ళు పుక్కిలించడం, మధ్యాహ్నం నేలమాళిగకి పోవడం, ఇంతకు మించి ఆ మనిషికి బతుకు లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నేలమాళిగకి చేరేసరికి బావ ఎదురొచ్చాడు. "ఏరా, ఆవిడ శ్రుతి ఎంత?"

"మనదే బావా."

"మనదేనా? ఇప్పటి మనదా?"

"ఇప్పటి మనదే. మెట్టు తేడా లేదు."

బావ మొహం వెలిగింది. "చూశావా, వెతకబోయిన తీగ కాలికి తగిలిందంటే ఇదే."

"నా పేరెందుకు తీస్తారయ్యా" అన్నాడు తీగ పక్కనుంచి.

*

బావమరిది బూరమ్మగారితో "మావాళ్ళు ఊళ్ళో లేరమ్మా, మీ భాగం ముందు కానిచ్చేద్దాం" అన్నాడు. బావతో "ఆవిడకి జనం ముందు చెయ్యి ఆడదట" అన్నాడు. ఒక అబద్ధం ఆడినవాడు దానికి తోడు ఇంకోటి తెచ్చుకోవాల్సిందే, ఒంటరిగా అది నిలబడదు. ఆవిడ వచ్చి, కళ్ళు మూసుకుని, తన తండ్రి బూరలోంచి పాటంతా ఊది వెళ్ళిపోయింది. బావమరిది కంప్యూటరు ముందు కూచున్నాడు. రెండు మెట్లు దించాడు. దించాక విన్నాడు. జలుబు చేసిన మనిషి మాట్లాడినట్టుంది. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగేటప్పుడు దానికీ అలాగే అనిపిస్తుంది.

బావ పాడిన రోజు పైన షాపులో ఎవరో బీరువాలు జరుపుతున్నారు. అవి ఆగేదాకా ఆగారు. అక్క ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చి మూల స్టూలు మీద కూచుంది. ఎప్పుడూ రాదు. ఆ రోజెందుకో వచ్చింది.

హెడ్‌ఫోన్లలో బూర మొదలైంది. బావ కళ్ళు మూసుకున్నాడు. మొదటి చరణం నేలమీద నడిచినట్టు నడిచాడు. రెండో చరణంలో గొంతు తెరుచుకుంది. బూర ఎక్కడికి పోతే అక్కడికి పోయాడు, ఎక్కడా జారలేదు, ఎక్కడా దాచుకోలేదు. చివర పొడుగ్గా పట్టాల్సిన స్వరం వచ్చింది. బావ పట్టాడు. పట్టి నిలబెట్టాడు. ఉరుము చేతిలో కర్రలు పెట్టుకుని తిప్పడం మర్చిపోయి చూస్తూ ఉండిపోయాడు.

"ఇంకోసారి పాడనా?" అన్నాడు బావ.

"ఎందుకు బావా, దీని తర్వాత ఏముంటుంది?"

"గొంతు పోయిందనుకున్నాన్రా." బావ ఫ్లాస్కు మూత తిప్పుతూ నవ్వాడు. "రెండు మూడేళ్ళుగా అనుకుంటున్నా. మీ అక్కకి కూడా చెప్పలేదు. పోలేదు. ఆవిడ బూరేదో లోపలికి చెయ్యి పెట్టి లాగింది."

అక్క ముక్కు చీదుకుంది. ఇంటికి పోతూ బావ దారంతా ఈలేశాడట, ఊళ్ళు తిరిగి కచేరీలు చేద్దామన్నాడట, పాత పాటలన్నీ మళ్ళీ ఎత్తుకుందామన్నాడట. తీగలు మళ్ళీ బిగించమంటాడేమోనని బావమరిదికి భయం పట్టుకుంది.

ఆ బ్యాండులో ఇంకో ఆనవాయితీ ఉంది. పాట పూర్తయ్యాక, బయటికి పంపే ముందు, చుట్టాన్ని పిలిచి అందరూ కలిసి వినాలి. వింటున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. బావమరిది దాన్ని ఈసారి దాటవేద్దామని చూశాడు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులన్నాడు, నేలమాళిగ మెట్లు దిగలేదన్నాడు.

"అయితే ఎత్తుకొస్తాను" అన్నాడు బావ. తనే వెళ్ళి పిలుచుకొచ్చాడు.

*

బూరమ్మగారు తిత్తిని ఒళ్ళో పెట్టుకునే వచ్చింది. దాన్ని ఇంట్లో వదిలి ఎక్కడికీ పోదట. పరుపుల గోడకి ఆనుకుని కూచుంది. బావమరిది మీట నొక్కాడు. స్పీకర్లలోంచి బూర వచ్చింది. ఆవిడ తల కొంచెం పక్కకి వంచింది. బావ గొంతు వచ్చింది. ఆవిడ కళ్ళెత్తి బావని చూసి మెచ్చుకోలుగా తలాడించింది. మళ్ళీ బూర వచ్చింది. ఈసారి తల ఆడలేదు. చేతులు తిత్తిని తడిమాయి, బిడ్డ పక్కలో ఉందో లేదో చూసుకున్నట్టు.

పాట అయిపోయింది.

"బాబూ, మీరు బాగా పాడారు" అందావిడ బావతో. "వాయించిందెవరు?"

బావ నవ్వాడు. "మీరేనమ్మా!"

"నేను కాదు."

తిత్తి చంకలోకి తీసుకుంది. గాలి నింపింది. "అబ్బాయ్, ఇంకోసారి పెట్టు" అంది. బావమరిది చెయ్యి కదల్లేదు. తీగ వంగి తనే నొక్కాడు. స్పీకర్లలో బూర, ఆవిడ చంకలో బూర ఒక్కసారే మోగాయి. ఒకటి పైన, ఒకటి కింద. రెండూ ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. చెవిలో ఇసుక పోసినట్టయింది. సంగీతం రానివాడికి కూడా తెలిసిపోయే తేడా. అంత తేడా బావ గొంతులో ఉందని, కొలిచి, గదిలో నిలబెట్టి చూపించినట్టయింది.

ఆవిడ ఆపేసింది. ఎవరినీ తిట్టలేదు. "నువ్వు కూడానా అబ్బాయ్" అంది అంతే.

బావ ఇంకా స్పీకరు వైపే చూస్తున్నాడు. తర్వాత బావమరిది వైపు తిరిగాడు. "ఎన్ని మెట్లు?"

"బావా, అది..."

"ఎన్నిరా?"

"రెండు."

"నాకోసమా?"

బావమరిది తల దించుకున్నాడు. ఉరుముకి కూడా ఆ పూట జోకు దొరకలేదు.

"అమ్మా, క్షమించండి" అన్నాడు బావ. "మీ శ్రుతికి పాడతాను. వాయించండి."

"వద్దు బావా."

"నువ్వు నోరుముయ్యి. తీగా, బిగించు."

తీగలు బిగించారు. ఒక తీగ తెగింది. కొత్తది వేశారు. అదంతా అయ్యేసరికి చాలాసేపు పట్టింది, ఆ చాలాసేపూ బావ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వద్దని ఆవిడ కూడా ఒకసారి అంది. బావ వినలేదు. ఆవిడ వాయించింది.

మొదటి చరణం ఎలాగో దాటాడు. రెండో చరణం ఎత్తుకోగానే మెడ నరాలు లేచాయి. గొంతు ఎక్కలేదు. మళ్ళీ ఎత్తాడు. చిరిగిన సంచిలోంచి గాలి పోయినట్టు చప్పుడొచ్చింది. మళ్ళీ ఎత్తాడు. ఆవిడ వాయించడం ఆపి, ఊదే గొట్టం నోట్లోంచి తీసేసి, "చాలు నాయనా" అంది. మొదటిసారి ఆ గొంతులో కరుకుదనం లేదు. బావకి అదే ఎక్కువ తగిలినట్టుంది. మైకు స్టాండులో పెట్టి, వైరు చుట్ట చుట్టి, చెప్పులు వేసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

*

కంపెనీ ఆయన సంగతి చెప్పాలి. ఆయనకి పాట కావాలి. బావ పాట ఇవ్వనన్నాడు. చివరికి బావ గొంతు తీసేసి, బూర అసలు శ్రుతిలో, వెనక బ్యాండు కొత్తగా వాయించి, మాటల్లేని పాట ఒకటి పంపారు. అదే పెద్ద హిట్టయింది. టీకొట్టులో, టాక్సీలో, ఫోన్లలో, ఎక్కడ చూసినా బూరే. "గొంతు లేకపోవడం భలే కొత్తగా ఉందండీ" అని ఫోన్లో మెచ్చుకున్నాడు కంపెనీ ఆయన. "తర్వాతి చుట్టం ఎవరు?" అని కూడా అడిగాడు.

బావ నేలమాళిగకి రావడం మానేశాడు. ఉరుము ఇంకో బ్యాండులో చేరాడు. తీగ పిల్లలకి గిటారు నేర్పుకుంటున్నాడు.

బావమరిది ధైర్యం కూడగట్టుకుని ఒకరోజు మధ్యాహ్నం అక్క ఇంటికి పోయాడు. అక్క తలుపు తీసింది.

"లోపలున్నారు, పో. భయపడకు, అరవరులే. అరవడానికి గొంతెక్కడిది" అంది. అని, తనే ఆ మాటకి ఉలిక్కిపడి, తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "పాడలేకపోయినందుకు కాదురా ఆయన దిగులు. అది ఎప్పటికైనా వచ్చేదే. పాడానని ఒకరోజు సంబరపడ్డారు చూడు, దాన్ని మింగలేకపోతున్నారు."

బావ బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. "రారా, కూచో" అన్నాడు. మామూలుగానే అన్నాడు. కాఫీ తాగావా అనడిగాడు. బేస్ గిటారు బిరడా వదులైందన్నావు, బాగుచేయించావా అనడిగాడు. తిట్టి ఉంటే బాగుండునని బావమరిదికి అనిపించింది.

"బావా, తప్పయిపోయింది."

"ఊఁ." బావ ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. "నిన్ను ఒకటి అడగాలనుకుంటున్నాను. కోపం లేకుండానే అడుగుతున్నాను. నిజం చెప్పు."

"చెప్తాను."

"మన మొదటి రికార్డులో ఆఖరి పాట ఉంది చూడు. చివర్లో ఆ పైస్వరం. పట్టి, వదలకుండా నిలబెట్టానే. అది నేనేనా?"

"అదేంటి బావా! నువ్వే. అప్పుడు ఈ కంప్యూటర్లవీ ఎక్కడివి? ఒక్క ఊపున పాడావు. నేను మీట కూడా ముట్టుకోలేదు. అక్క మీద ఒట్టు."

"మీ అక్కని మధ్యలోకి లాగకు."

"కావాలంటే ఇప్పుడే పెడతాను, విను. విన్నావంటే నీకే తెలుస్తుంది."

బావ అతని మొహంలోకి చూశాడు. చాలా మెల్లగా, గొంతు నొప్పెట్టకుండా మాట్లాడేవాళ్ళు మాట్లాడినట్టు అన్నాడు.

"అది కూడా నువ్వు చేసిన రికార్డే కదరా."

బావమరిది నోరు తెరిచాడు. చెప్పడానికి నిజమే ఉంది, ఇంకేం లేదు. ఆ నిజాన్ని ఏ చేత్తో ఇచ్చినా పుచ్చుకునేవాడు లేడు. "నువ్వే బావా" అన్నాడు మళ్ళీ. "నువ్వే పాడావు."

"సరేలే" అన్నాడు బావ.

చొక్కా తిరగేసి, కాలరు మీద నీళ్ళు చిలకరించాడు.